పట్టూ విడుపూ ఎరిగిన పహిల్వాన్

బలవంతుడు ఎవరు? ఎదుటివాణ్ణి ఎత్తి కుదేసినవాడే బలవంతుడని లోకం అంటుంది. కుస్తీలో గెలిచినవాడు కాదు, కోపం ముంచుకొచ్చినప్పుడు తనను తాను అదుపులో పెట్టుకున్నవాడే అసలైన బలవంతుడని దైవప్రవక్త ముహమ్మద్ (స) తన సహచరులకు బోధించారు. అలాగని ఆయన కుస్తీని చిన్నచూపు చూడలేదు. పేరుమోసిన మక్కా మల్లుడు రుకానాతో ఆయన స్వయంగా తలపడి గెలిచిన ఉదంతం సీరత్ గ్రంథాలలో ఉంది. దేహబలం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దాన్ని ఎక్కడ వాడాలి, ఎక్కడ ఆపాలి అన్నదే మనిషికి పరీక్ష.

ఈ పరీక్షలో నెగ్గిన ఒక పహిల్వాన్ జీవితాన్ని ఈ వారం పాఠకుల ముందు ఉంచుతున్నాం. ఆయన పేరు గులాం ముహమ్మద్ బక్ష్. లోకానికి గామా పహిల్వాన్. కాస్త ఒళ్లున్న కుర్రాడు కనిపిస్తే గామా అని ఆటపట్టించడం మన ఇళ్లలో పెద్దలకు అలవాటే. ఆ పేరు వినపడినంతగా ఆ మనిషి కథ మన పిల్లలకు తెలియదు. అందుకే ఈ ప్రయత్నం.

తండ్రి లేని బిడ్డ

1878 మే 22న పంజాబులోని అమృత్‌సర్ ప్రాంతంలో జబ్బోవాల్ అనే పల్లెలో గామా పుట్టాడు. కాశ్మీరీ మూలాలున్న బట్ వంశం వారిది. కుస్తీ ఆ ఇంటి విద్య. తండ్రి ముహమ్మద్ అజీజ్ బక్ష్ మంచి పేరున్న పహిల్వాన్. కొడుకుకు ఆరేళ్ల వయసప్పుడే ఆయన కన్నుమూశారు. తల్లి తరఫు తాత నూన్ పహిల్వాన్ పిల్లవాణ్ణి అక్కున చేర్చుకున్నారు. కొంతకాలానికి ఆయన కూడా పోయారు. అప్పుడు ఇంటి పెద్దలలో మరొకరైన ఈదా పహిల్వాన్ ఆ బాధ్యతను భుజాన వేసుకున్నారు. తండ్రి ఏ పహిల్వాన్‌ను చేయాలనుకున్నారో ఆ పహిల్వాన్‌ను చేసి చూపించాలన్నది ఆయన పట్టుదల.

అనాథను ఆదరించడం ఎంత పుణ్యకార్యమో మనకు తెలుసు. అయితే అన్నం పెట్టడంతోనే ఆదరణ పూర్తికాదు. ఆ బిడ్డలో ఉన్న విద్యను గుర్తించి, దారిలో పెట్టి, నిలబెట్టాలి. గామా బంధువులు చేసింది అదే. తెల్లవారకముందే లేపేవారు. గోదాలో మట్టి తవ్వించేవారు. దండీలు, బస్కీలు తీయించేవారు. పాలు, నెయ్యి, బాదంపప్పు లెక్క ప్రకారం తినిపించేవారు. లెక్క తప్పితే వస్తాదు ఊరుకునేవాడు కాదు.

1888లో జోధ్‌పూర్ సంస్థానంలో ఒక పోటీ జరిగింది. బస్కీలు ఎవరు ఎక్కువసేపు తీయగలరన్నది పందెం. నాలుగు వందలకు పైగా పహిల్వాన్లు వచ్చారు. గంటలు గడిచే కొద్దీ ఒక్కొక్కరే కూలబడిపోయారు. చివరికి మిగిలిన పదిహేను మందిలో ఒక పదేళ్ల పిల్లవాడు ఉన్నాడు. అతడే గామా. ఆ వయసును, ఆ ఓర్పును చూసి జోధ్‌పూర్ మహారాజా అతణ్ణే విజేతగా ప్రకటించారు. ఆ తర్వాత దతియా మహారాజా అతని శిక్షణ భారం స్వీకరించారు.

అప్పట్లో రైల్వే కూలీ నుంచి రాజుగారి దాకా అందరికీ కుస్తీ అంటే ప్రాణం. బరోడా, పటియాలా, దతియా, ఇండోర్ వంటి సంస్థానాలు పహిల్వాన్లను పోషించేవి. మన వైపు హైదరాబాద్ పాతబస్తీలో వీధి వీధికీ తాలీంఖానా ఉండేది. ఉత్తరాంధ్రలో వీరఘట్టంలో పుట్టి, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గామాకు సమకాలికుడే. గోదాలో దిగాక మతం అడిగేవారు లేరు. వస్తాదు ఎవరు అని మాత్రమే అడిగేవారు.

ఏడడుగుల కొండ

గామా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. అప్పటి రుస్తుమే హింద్ రహీం బక్ష్ సుల్తానీవాలా దాదాపు ఏడడుగుల మనిషి. గుజ్రాన్‌వాలా వాసి. ఆయన ముందు నిలబడితే చాలామంది పహిల్వాన్లకు చూపు పైకెత్తాల్సి వచ్చేది. 1895లో 17 ఏళ్ల గామా ఆ కొండను ఢీకొన్నాడు. జనం నవ్వుకుంటూ వచ్చారు, నోరు వెళ్లబెట్టి వెనక్కి వెళ్లారు. గంటల తరబడి సాగిన ఆ కుస్తీ సమంగా ముగిసింది. ఓడకపోవడమే ఆ రోజు గామాకు గెలుపు. ఆ మర్నాటి నుంచి దేశంలోని ప్రతి తాలీంఖానాలో ఆయన పేరు మారుమోగింది.

తర్వాతి పదిహేనేళ్లలో రహీం బక్ష్ తప్ప దేశంలోని ప్రముఖ మల్లులందరినీ గామా చిత్తు చేశారు. 1902లో ఆయన బరోడాలో ఎత్తారంటున్న బండరాయి ఒకటి నేటికీ ఆ ఊరి మ్యూజియంలో ఉంది. దాని బరువు 1,200 కిలోలని చెబుతారు. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ మ్యూజియంలో మరో వస్తువుంది. బస్కీలు తీసేటప్పుడు ఆయన మెడకు తగిలించుకునే 95 కిలోల రాతిచక్రం అది. రోజుకు వేలల్లో బస్కీలు, వేలల్లో దండీలు, నలభై మంది తోటి పహిల్వాన్లతో వరసగా కుస్తీ. ఇదీ ఆయన దినచర్య.

లండన్‌లో కుస్తీ వైభవం

ఇక్కడ మనం కాస్త లండన్ సంగతి చెప్పుకోవాలి. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఇంగ్లండులో కుస్తీ ప్రదర్శనలకు పట్టిన వైభోగం అంతా ఇంతా కాదు. మ్యూజిక్ హాళ్లనే వినోదశాలల్లో పాటలు, హాస్యం, గారడీల నడుమ కుస్తీని కూడా ప్రదర్శించేవారు. మల్లుడు వేదిక మీదకు వచ్చి, తనతో పదిహేను నిమిషాలు నిలిచినవారికి ఇంత సొమ్ము ఇస్తానని సవాలు విసిరేవాడు. రష్యా సింహంగా పేరుపడ్డ జార్జ్ హాకెన్‌ష్మిట్ ఆ జనానికి ఆరాధ్యుడు.

ఆ వైభవం వెనుక మరో సంగతి ఉంది. ముస్లిం మల్లులను అక్కడ మనుషులుగా కంటే భూతాలుగా చూపించడమే ఎక్కువ. టర్కీ నుంచి వచ్చిన మల్లుడికల్లా భయంకర టర్క్ అని పేరు తగిలించి గోడపత్రికలు వేసేవారు. 1904 జనవరిలో లండన్ ఒలింపియా భవనంలో అహ్మద్ మద్రాలీ అనే టర్కీ మల్లుడికీ హాకెన్‌ష్మిట్‌కూ కుస్తీ పెట్టారు. చుట్టుపక్కల వీధులన్నీ బండ్లతో కిక్కిరిసిపోయాయి. నిమిషం లోపే మద్రాలీ చేయి దెబ్బతిని కుస్తీ ముగిసింది. సింహం గెలిచింది, భూతం ఓడింది. చూసేవారికి కావలసిన కథ అదే. అమ్మేవారికి కావలసిన సరుకూ అదే.

ఇలాంటి చోటికి 1910లో గామా వెళ్లారు. తమ్ముడు ఇమాం బక్ష్, మరికొందరు పహిల్వాన్లు వెంట ఉన్నారు. బెంగాలీ ధనవంతుడు శరత్ కుమార్ మిత్రా ఖర్చులు భరించారు. ముస్లిం పహిల్వాన్ల ప్రయాణానికి హిందూ ధనవంతుడు సొమ్ము పెట్టడం ఆనాడు ఎవరికీ వింతగా తోచలేదు.

తీరా అక్కడికి వెళితే గామాను పోటీలోకి రానివ్వలేదు. ఎత్తు చాలదన్నారు. అంత దూరం సముద్రం దాటి వెళ్లిన మనిషికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది? గామా రచ్చ చేయలేదు, తిరుగు ఓడ ఎక్కలేదు. ఒక సవాలు మాత్రం ప్రకటించారు. ఎంత బరువున్నవారైనా సరే, ముగ్గురు మల్లులను అరగంటలో పడగొడతానన్నారు. ఇదంతా ప్రచారం కోసమని అనుకుని ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు ఆయన పెద్దవారి పేర్లే పెట్టి పిలిచారు. పోలండు మల్లుడు స్తనిస్లాస్ జిబిస్కో, అమెరికా మల్లుడు ఫ్రాంక్ గాచ్. వారిని గెలవలేకపోతే పందెం సొమ్ము తానే ఇచ్చి ఇంటికి పోతానన్నారు.

మొదట ముందుకొచ్చినవాడు అమెరికా మల్లుడు బెంజమిన్ రోలర్. వృత్తిరీత్యా డాక్టరు కూడా. 1910 ఆగస్టు 8న లీసెస్టర్ స్క్వేర్‌లోని అల్‌హంబ్రా థియేటర్‌లో పోటీ జరిగింది. స్పెయిన్‌లో మన పూర్వీకులు కట్టిన గ్రనడా రాజప్రాసాదం పేరే ఆ వినోదశాలకు పెట్టుకున్నారు. కట్టడం తీరు కూడా అదే. గామా మొదటిసారి 1 నిమిషం 40 సెకన్లలో, రెండోసారి 9 నిమిషాల 10 సెకన్లలో రోలర్ భుజాలను నేలకు ఆనించారు. మర్నాడు మరో పన్నెండు మందిని పడగొట్టారు. మూసిన తలుపు తెరుచుకుంది.

రెండున్నర గంటల ఓర్పు

1910 సెప్టెంబరు 10న గామాకు, జిబిస్కోకు మధ్య కుస్తీ. గెలిచినవారికి 250 పౌండ్లు, జాన్ బుల్ బెల్టు. ప్రపంచ విజేత అనే బిరుదు. జిబిస్కో గామా కన్నా దాదాపు యాభై పౌండ్లు ఎక్కువ బరువు. అయినా నిమిషం తిరక్కుండానే గామా అతణ్ణి చాప మీదకు దించారు. దిగినవాడు ఇక లేవలేదు. బోర్లా పడుకుని, చేతులూ కాళ్లూ చాచి, నేలను కరుచుకున్నాడు. అంత బరువును పైకెత్తి వెల్లకిలా తిప్పడం ఎవరి తరం? 2 గంటల 35 నిమిషాల సేపు గామా ప్రయత్నిస్తూనే ఉన్నారు. చూసేవారికి విసుగొచ్చింది. చివరికి పోటీ సమమని ప్రకటించారు. వారం తర్వాత, సెప్టెంబరు 17న మళ్లీ తలపడాలన్నారు. ఆ రోజున గామా వచ్చారు. జిబిస్కో రాలేదు. బెల్టు గామాకు దక్కింది. రుస్తుమే జమానా అయ్యారు.

ఆ రెండున్నర గంటలను మనం కాస్త ఆలోచించాలి. గామా కావాలంటే దెబ్బతీసే దారి ఉంది. కింద పడి ఉన్నవాడి చేయి మెలితిప్పవచ్చు, వేళ్లు విరవవచ్చు. కోపం రాదగిన సందర్భమే. ఆయన పట్టు కోసమే వెతికారు. దొరకలేదు. దొరకనందుకు హద్దు దాటలేదు.

ఆ పర్యటనలోనే తమ్ముడు ఇమాం బక్ష్ స్విట్జర్లాండ్ మల్లుడు జాన్ లెమ్‌ను ఓడించాడు. గాచ్, హాకెన్‌ష్మిట్ వంటి మహామల్లులెవరూ గామాతో గోదాలోకి దిగలేదు. అదే ఏడాది జులై 4న అమెరికాలో నల్లజాతి బాక్సర్ జాక్ జాన్సన్ తెల్లజాతి మాజీ విజేత జెఫ్రీస్‌ను ఓడించాడు. పాలితుల చేతిలో పాలకుల మల్లులు ఓడడం ఆనాటి దొరలకు రుచించే విషయం కాదు. మన దేశంలో మాత్రం జనం పొంగిపోయారు. హిందువులు, ముస్లింలు, సిక్కులు అందరూ గామా తమవాడే అనుకున్నారు.

గెలిచాక చేసిన పని

లండన్ నుంచి వచ్చాక గామా అలహాబాద్‌లో మళ్లీ రహీం బక్ష్‌తో తలపడ్డారు. చాలాసేపు పోరాడి గెలిచారు. రుస్తుమే హింద్ బిరుదు కూడా దక్కింది. అయితే ఆ తర్వాత ఎవరు ఎప్పుడు అడిగినా, తాను ఎదుర్కొన్నవారిలో మేటి రహీం బక్షే అని చెబుతూ వచ్చారు. జిబిస్కో పేరు చెప్పలేదు, రోలర్ పేరు చెప్పలేదు. తనకన్నా పెద్దవాణ్ణి గెలిచినా గురువుగానే చూడడం ఆ విద్య నేర్పిన అదబు. నేడు ఆటలో గెలిచిన కుర్రవాడు ఓడినవాడి ముఖం మీదే గంతులేస్తుంటే మనం చప్పట్లు కొడుతున్నాం. ఈ అదబును మన పిల్లలకు నేర్పేది ఎవరు?

1922లో భారతదేశానికి వచ్చిన వేల్స్ యువరాజు గామాకు వెండి గద బహూకరించారు. పటియాలా మహారాజా భూపీందర్ సింగ్ ఆయనను తన ఆస్థానంలో పెట్టుకున్నారు. 1928 జనవరిలో ఆ పటియాలాలోనే జిబిస్కోతో రెండో కుస్తీ ఏర్పాటైంది. లండన్‌లో చాప మీద మిగిలిపోయిన లెక్క అది. అప్పటికి గామాకు 49 ఏళ్లు. జిబిస్కో ఈ నడుమ అమెరికాలో ప్రపంచ హెవీవెయిట్ విజేత అయ్యాడు. ఈసారి ఇద్దరూ మన మట్టిలో నిలబడి తలపడ్డారు. నిమిషం లోపే జిబిస్కో వెల్లకిలా పడ్డాడు. లేచి, గామాను పులి అని మెచ్చుకున్నాడు. ఓడినవాడు కూడా మనసారా మెచ్చుకుంటేనే గెలుపుకు విలువ. మరుసటి ఏడాది జెస్సీ పీటర్సన్‌ను కూడా గామా ఒకటిన్నర నిమిషంలో ఓడించారు. ఆ తర్వాత ఆయన ఎదుట నిలబడే పేరున్న మల్లుడే లేకపోయాడు.

జిబిస్కో కథకు ఒక కొసమెరుపు ఉంది. 1950లో వచ్చిన నైట్ అండ్ ది సిటీ అనే సినిమా లండన్ కుస్తీ ప్రదర్శనల చుట్టూ అల్లిన కథ. అందులో ఆయన వృద్ధ మల్లుడి వేషం వేశాడు. అసలు కుస్తీ పోయి నటన మిగిలిందని కుమిలిపోయే పాత్ర అది. నిజానికి అప్పటికే బ్రిటన్‌లో కుస్తీ పూర్తిగా ప్రదర్శనగా మారింది. 1930లలో హద్దూ అదుపూ లేని పోటీలు పెరిగాయి. 1947లో మౌంట్‌ఎవాన్స్ ప్రభువు పేరిట కొత్త నియమాలు వచ్చాయి. 1955 నుంచి టీవీలో చూపించడం మొదలైంది. శనివారం సాయంత్రం నాలుగు గంటలకు ఇల్లిల్లూ టీవీ ముందు చేరేది. బిగ్ డాడీ, జెయింట్ హేస్టాక్స్, మిక్ మెక్‌మానస్ వంటి పేర్లు చిన్నపిల్లల నోటిలో నానేవి. ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందే మాట్లాడుకున్న ఆట అది. అయినా ఆ జనానికి అదొక పండుగ. 1988లో టీవీ ప్రసారం ఆగిపోయింది. ఆ తరం వారు నేటికీ ఆ శనివారాలను తలచుకుని నిట్టూరుస్తుంటారు.

వినోదాన్ని వినోదంగా చూస్తే తప్పుపట్టం. కానీ మన పిల్లలు టీవీలోనూ ఫోన్లలోనూ చూస్తున్న అమెరికా కుస్తీ ఆ ప్రదర్శన వారసత్వమే. కుర్చీతో కొట్టడం, తిట్టడం, మోసం చేసి గెలవడం అక్కడ ముచ్చట. అది నటన అని పెద్దలకు తెలుసు, పసివాళ్లకు తెలియదు. గామా కుస్తీలో నటన లేదు. మాట్లాడుకున్న గెలుపు లేదు. నిజాయితీ ఉండబట్టే ఆ రెండున్నర గంటల కుస్తీ చూడముచ్చటగా లేకపోయింది. నిజం అన్నిసార్లూ రక్తి కట్టదు.

అసలు పరీక్ష

1947 వచ్చింది. దేశం రెండుగా చీలింది. పుట్టిన అమృత్‌సర్, అన్నం పెట్టిన పటియాలా గామాకు పరాయివైపు మిగిలిపోయాయి. ఆయన లాహోర్‌లో మోహనీ రోడ్డులో స్థిరపడ్డారు. సరిహద్దుకు అటూ ఇటూ నెత్తురు పారింది. తూర్పు పంజాబులో ముస్లింల ఇళ్లు తగలబడ్డాయి, లాహోర్‌లో హిందువుల ఇళ్లు తగలబడ్డాయి. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక గాయం ఉంది, ఆ గాయం చూపించి చేసే హత్య ఉంది.

మోహనీ రోడ్డులో హిందూ కుటుంబాలు ఉన్నాయి. వాటి మీదకు అల్లరిమూక వచ్చినప్పుడు దాదాపు 70 ఏళ్ల గామా తన శిష్యులతో వీధిలోకి వచ్చి అడ్డంగా నిలబడ్డారని ఆయన జీవితకథ రాసినవారు చెబుతారు. వచ్చినవారు తన మతంవారే. అయినా కదల్లేదు. గోదాలో ఐదు దశాబ్దాలు ఓటమి ఎరగని మనిషిని దాటి అడుగు వేసే ధైర్యం ఆ గుంపుకు లేకపోయింది. తర్వాత పొరుగువారికి తిండీ సరుకులూ తన డబ్బుతో సమకూర్చి, తోడుండి సరిహద్దు దాటించారని కూడా చెబుతారు.

జాన్ బుల్ బెల్టు ఒక పక్క, ఈ వీధి ఒక పక్క పెట్టి తూచండి. లండన్‌లో ఆయన పడగొట్టింది ఒక మనిషిని. ఇక్కడ ఆపింది ఒక గుంపు కోపాన్ని. పొరుగువాడికి మన వల్ల భయం లేకుండా ఉండాలన్నది మన ధర్మం మనకు నేర్పే తొలి పాఠాలలో ఒకటి. ఆ పొరుగువాడి మతం ఏదని ఆ పాఠంలో లేదు.

చివరి రోజులు

చివరి ఏళ్లు గామాకు సుఖంగా గడవలేదు. పోషించిన సంస్థానాలు పోయాయి. ఉబ్బసం, గుండెజబ్బు పట్టుకున్నాయి. రుస్తుమే జమానా మందులకు కూడా ఇబ్బంది పడ్డారు. కుస్తీని అభిమానించే భారత పారిశ్రామికవేత్త ఘనశ్యామ్ దాస్ బిర్లా 2,000 రూపాయలు పంపి, నెలకు 300 రూపాయల పింఛను ఏర్పాటు చేశారు. పాకిస్తాన్ ప్రభుత్వం కూడా వైద్యం ఖర్చు భరించింది. ఒకప్పుడు శరత్ కుమార్ మిత్రా ఓడ ఎక్కించారు, చివర బిర్లా చేయి అందించారు. నడుమ మోహనీ రోడ్డు ఉంది. ఈ మూడూ కలిపి చదువుకుంటే మన ఉపఖండం గురించి పత్రికలు చెప్పని సంగతి ఒకటి తెలుస్తుంది.

1960 మే 23న, 82 ఏళ్లు నిండిన మర్నాడు, లాహోర్‌లో గామా కన్నుమూశారు. ఆయన విద్య తమ్ముడి కొడుకు భోలూ పహిల్వాన్ సోదరుల ద్వారా మరో తరం కొనసాగింది. ప్రపంచమంతా మెచ్చిన బ్రూస్ లీ గామా కసరత్తుల గురించి చదివి తన అభ్యాసంలో చేర్చుకున్నాడు. 2022 మే 22న, గామా 144వ పుట్టినరోజున, గూగుల్ తన మొదటి పేజీ మీద ఆయన బొమ్మ వేసింది. చేతిలో గదతో నిలబడ్డ ఆ మనిషి ఎవరని ఆ రోజు చాలామంది పిల్లలు ఇంట్లో అడిగి ఉంటారు.

మళ్లీ అడిగితే వారికి ఏం చెబుదాం? పెద్ద రాయి ఎత్తాడని చెప్పవచ్చు, తెల్లవాళ్లను ఓడించాడని చెప్పవచ్చు. అవి నిజమే, పిల్లలకు నచ్చుతాయి కూడా. వాటితో ఆపవద్దని మా మనవి. తండ్రి లేని బిడ్డను బంధువులు నిలబెట్టారని చెప్పండి. అవమానిస్తే అరవకుండా సవాలు విసిరాడని చెప్పండి. ఓడినవాణ్ణి పెద్దవాడని పొగిడాడని చెప్పండి. తనవారే తప్పు చేయబోతే వీధికి అడ్డంగా నిలబడ్డాడని చెప్పండి. కుస్తీలో పట్టు తెలిసినవాడు పహిల్వాన్ అవుతాడు. ఎక్కడ విడవాలో కూడా తెలిసినవాడే మనిషి అవుతాడు.

మన బిడ్డల భుజాలకు బలాన్నీ, ఆ బలానికి అదుపునూ అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.